పచ్చి కాంక్రీటు కూలినప్పుడు కారణం ఎక్కడ వెతకాలి: గుంటూరు శివారు ఫంక్షన్ హాలు స్లాబుపై కేస్ స్టడీ

గుంటూరు శివారులో, అమరావతి రోడ్డుకు లోపలి వైపున కడుతున్న ఒక ఫంక్షన్ హాలు పైకప్పు స్లాబు పోస్తుండగానే కూలిపోయింది. అది అక్టోబరు నెల, అంతకు ముందు వారమంతా వానలు పడ్డాయి. పొద్దున ఏడు గంటల ప్రాంతంలో పోత మొదలైంది. పదకొండున్నర దాటాక, మూడింట రెండు వంతుల పని పూర్తయిన దశలో, హాలు మధ్యభాగం మొత్తం రాడ్లు, రేకులు, కర్రలతో సహా కిందికి వచ్చేసింది. పైన ఉన్నవారిలో ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు, వారిలో ఒకరికి వెన్నెముక దెబ్బతింది. సెంట్రింగ్ (పచ్చి కాంక్రీటును గట్టిపడేవరకు మోసే తాత్కాలిక ఆధారాలు) కింద తిరుగుతూ కర్రలు చూసుకునే మనిషి కొద్ది నిమిషాల ముందే టీ కోసం బయటికి రావడం వల్ల ప్రాణనష్టం తప్పింది. యజమాని కోరిక మీద సాంకేతిక అభిప్రాయం ఇవ్వడానికి నేను, నా సహచరులు అక్కడికి వెళ్లాం. బాధ్యత ఎవరిదన్న విషయం ఇంకా తేలవలసి ఉన్నందున యజమాని, కాంట్రాక్టరు, కాంక్రీటు సరఫరాదారుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. సాంకేతిక వివరాలు మాత్రం పూర్తిగా ఇస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి సెంట్రింగ్ మీద ఈ రోజు కూడా మన జిల్లాల్లో ఎక్కడో ఒకచోట స్లాబు పోస్తూనే ఉంటారు.

మేం చేరేసరికే సైటు దగ్గర నాలుగైదు కారణాలు వినిపిస్తున్నాయి. సిమెంటు తక్కువ వేశారని కొందరు, రాడ్డు సన్నబడిందని కొందరు, నల్లరేగడిలో పునాది దిగిపోయిందని మరికొందరు అంటున్నారు. వానకు కింద ఫిల్లింగ్ మెత్తబడిందని కాంట్రాక్టరు మనుషులు, పంపు ఊపుకు కదిలిందని రాడ్ బెండింగ్ వాళ్లు చెప్పారు. ఇలా ఊహించడాన్ని నేను తప్పుపట్టను. దర్యాప్తు మొదలయ్యేది ఊహతోనే. అయితే ఒక ఊహ నిజమైతే శిథిలాల్లో ఏం కనిపించాలో, ఏం కనిపించకూడదో ముందుగా రాసుకుని, ఆ తర్వాతే శిథిలాల వైపు చూడాలి. అలా రాసుకోని ఊహ ఏ ఆధారం కనిపించినా దాన్ని తనవైపే లాక్కుంటుంది. మేం ఆ సాయంత్రమే వినిపించిన ప్రతి కారణాన్నీ ఒక్కో కాగితం మీద పెట్టి, దాన్ని తోసిపుచ్చగల ఆధారం ఏదో కింద రాసుకున్నాం. ఈ వ్యాసం ఆ కాగితాల కథే.

కట్టడం వివరాలు

హాలు 18 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. వెడల్పు దిశలో 3.6 మీటర్లకు ఒకటి చొప్పున ఆరు బీములు, ఒక్కొక్కటి 300 మి.మీ. వెడల్పు, 750 మి.మీ. లోతు. వాటి మీద 150 మి.మీ. మందం స్లాబు. లోపల స్తంభాలు లేవు, అన్నీ గోడల వరుసలోనే ఉన్నాయి. నేల నుంచి స్లాబు అడుగుకు సుమారు 6 మీటర్ల ఎత్తు. కాంక్రీటు ఎం25 గ్రేడు (28 రోజులకు చదరపు మి.మీ.కు 25 న్యూటన్ల బలం రావలసినది), ప్లాంటులో కలిపి తెచ్చిన రెడీమిక్స్, పైపుల వరుస ద్వారా తోసే లైన్ పంపుతో పైకి పంపారు. నేల సహజంగా నల్లరేగడి, దాని మీద ప్లింత్ (హాలు గచ్చు మట్టం) ఎత్తు వరకు సుమారు 900 మి.మీ. గ్రావెల్ ఫిల్లింగ్ చేశారు. సెంట్రింగ్ మొత్తం సరుగుడు కర్రలతో వేశారు, పైన ఇనప రేకులు పరిచారు. కర్రల మధ్య దూరం రెండు దిశల్లోనూ దాదాపు 1.2 మీటర్లు.

ముందుగా అడగవలసిన ప్రశ్న

కూలిన సమయానికి కాంక్రీటు గట్టిపడిందా, లేదా? నిర్మాణంలో ఉన్న కట్టడం కూలినప్పుడు నా దృష్టిలో మొదటి ప్రశ్న ఇదే. ఇక్కడ అన్నిటికంటే ముందు పోసిన కాంక్రీటుకు కూడా ఐదు గంటల వయసు నిండలేదు. ఆ వయసులో అది కేవలం బరువు, బలం కాదు. అందులో సిమెంటు బస్తాలు తగ్గినా, పెరిగినా, అంతకంటే మంచి రకం వాడినా అది తనను తాను మోయలేదు. రాడ్డు కూడా అంతే. కాంక్రీటు పట్టు దొరికేవరకు రాడ్డు కూడా సెంట్రింగ్ మీద పడుకున్న బరువే. కాబట్టి సిమెంటు తక్కువన్న ఆరోపణ, రాడ్డు సన్నబడిందన్న ఆరోపణ రెండూ నిజమే అయినా, ఈ కూలడానికి అవి కారణం కాలేవు. వాటిని విడిగా విచారించవచ్చు, విచారించాలి కూడా, కానీ వేరే ప్రశ్నగానే.

తర్వాత పోత రోజు బలం పరీక్ష కోసం తీసిన క్యూబులు (కాంక్రీటు దిమ్మలు) 28 రోజులకు పరీక్షలో నెగ్గాయి. దాంతో కొందరు సరఫరాదారు నిర్దోషి అని తేలిందన్నారు, ఇంకొందరు రిపోర్టే తారుమారైందన్నారు. ఆ ఫలితం ఎటు వచ్చినా కూలిన కారణం మీద దాని ప్రభావం ఏమీ లేదని రెండు పక్షాలకూ చెప్పడానికి చాలా ఓపిక పట్టవలసి వచ్చింది.

కాంక్రీటు గట్టిపడ్డాక, లేదా గట్టిపడిందనుకున్నాక కూలిన కట్టడాల సంగతి వేరు. 1978లో అమెరికాలోని విల్లో ఐలాండ్‌లో కూలింగ్ టవర్ కడుతుండగా, పరంజాను మోస్తున్న ముందురోజు కాంక్రీటుకు చలి వల్ల తగినంత బలం రాక టవరు పైభాగం ఊడిపడి 51 మంది చనిపోయారు. 1973లో వర్జీనియాలోని స్కైలైన్ ప్లాజాలో కింది అంతస్తు ఆధారాలను తొందరపడి తీసేయడం వల్ల స్లాబు స్తంభాల చుట్టూ తెగి, కింది అంతస్తుల వరకూ కూలి 14 మంది బలయ్యారు. 2014లో చెన్నై దగ్గర మౌలివాక్కంలో 61 మందిని పొట్టనబెట్టుకున్న 11 అంతస్తుల భవనంలో అప్పటికే అంతస్తులన్నీ లేచి ఉన్నాయి. ఆ చనిపోయినవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్లిన మనవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటి చోట కాంక్రీటు బలాన్ని, స్తంభాల కొలతల్ని, పునాదిని ముందు వరుసలో పెట్టి చూడాలి. మన కేసులో వెతకవలసినది కాంక్రీటు లోపల కాదు, దాని కింద.

పునాది, స్తంభాలు

గుంటూరులో ఏ గోడ బీట వారినా నింద ముందు నల్లరేగడి మీదికే పోతుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే ఆ నేల స్వభావం వల్ల చాలా సందర్భాల్లో ఆ నింద న్యాయమైనదే. పునాది దిగి ఉంటే స్తంభాల పైమట్టాలు మారాలి, స్తంభాలు ఒరగాలి, ప్లింత్ బీముల్లో వాటి చేరికల దగ్గర బీటలు కనిపించాలి. మట్టం చూసే ఆటో లెవెల్ పెట్టి అన్ని స్తంభాల మీద ముందే గీసి ఉన్న మట్టపు గుర్తులను చూశాం, వాటి మధ్య తేడా కొలత పొరపాటు పరిధి దాటలేదు. తూకం గుండు వేసి చూస్తే కూలిన భాగానికి ఆనుకున్న రెండు స్తంభాల తలలు మాత్రం లోపలివైపుకు 10 మి.మీ. దాకా వంగి ఉన్నాయి. కిందికి పోయిన బీము రాడ్లు వాటిని లాగినందువల్లే ఆ వంపు వచ్చిందనడానికి, తల దగ్గర లోపలి ముఖాన పెచ్చులూడిన తీరే సాక్ష్యం. ప్లింత్ బీముల్లో ఒక్క బీట లేదు. ఈ కాగితాన్ని పక్కన పెట్టేశాం.

కర్రలు చెప్పినది

గాయపడినవారి కోసం వెతుకుతూ శిథిలాల్లో కొంత భాగాన్ని అప్పటికే జేసీబీతో కదిలించారు. అది సరైన పనే. ఆధారాల కంటే మనుషులు ముఖ్యం. కానీ ఆ తర్వాత సైటు ఖాళీ చేయాలన్న తొందర మొదలైంది. దాన్ని ఆపించి, కదిలించని భాగంలోని కర్రలను ఒక్కొక్కటిగా పైకి తీయించి, ఎక్కడిది అక్కడే రంగుతో నంబరు వేయించాం. అలా 96 కర్రలు దొరికాయి. వాటిని మూడు కుప్పలు చేశాం.

మొదటి కుప్పలో 52 కర్రలు. ఇవి మధ్యలో అతుకు దగ్గర విడిపోయినవి. ఆరు మీటర్ల పొడవుండి, నిటారుగా, చివరిదాకా తగిన లావుతో ఉండే సరుగుడు కర్రలు దొరకడం కష్టం. అందుకే రెండు పొట్టి కర్రలను ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, పక్కన రెండు చెక్క ముక్కలు వేసి మేకులు కొట్టారు. ఆ అతుకుల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే పరిస్థితి అంతా అర్థమవుతుంది. కింది కర్ర తల రంపంతో అడ్డంగా కోసింది కాదు, కత్తితో నరికింది. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. పై కర్ర దాని మీద పూర్తిగా ఆనలేదు. ఆనిన చోట మాత్రం పీచు నలిగి నల్లబడి ఉంది, ఆనని చోట నరికిన గాటు కొత్తగానే మెరుస్తోంది. అంటే బరువు కర్ర మధ్యగీత మీదుగా కాకుండా ఒక అంచు మీదుగా దిగింది. పక్క ముక్కల మేకులు నాలుగే. అవి విరగలేదు, వంగి ఊడి వచ్చాయి. అంతే కాకుండా 52 అతుకుల్లో ఎక్కువ భాగం ఉత్తరం వైపుకే తెరుచుకున్నాయి. ఈ ఉత్తరం అన్న మాటను గుర్తుంచుకోవాలి.

రెండో కుప్పలో 13 కర్రలు, నిండు కర్రలోనే విరిగినవి. విరిగిన చోట తెల్లని కొత్త పీచు ఉంది, పాత పుచ్చు గానీ చెద గానీ లేవు. మూడో కుప్పలో 31 కర్రలు. అవి ఎక్కడా విరగలేదు, విడిపోలేదు. నిలబడి ఉన్నవి పడిపోయాయంతే. బరువు మోయలేక కర్ర నలిగిపోయిన కేసు అయితే విరగని కర్రలు ఇన్ని ఉండకూడదు. ఈ మూడో కుప్ప చూశాకే నా అనుమానం బలం మీద నుంచి నిలకడ మీదికి మళ్లింది.

లెక్క

150 మి.మీ. స్లాబు పచ్చిగా ఉన్నప్పుడు, ఘనపు మీటరుకు 2,600 కిలోల లెక్కన, చదరపు మీటరుకు 390 కిలోలు. రేకులు, వాటి కింది అడ్డ దుంగలకు (రన్నర్లు) 50, మనుషులు, పరికరాలు, కాంక్రీటు కుప్పపడటానికి 150 కలిపితే 590 కిలోలు. ఒక్కో కర్ర కిందికి 1.44 చదరపు మీటర్ల స్లాబు వస్తుంది కాబట్టి కర్ర మీద బరువు 850 కిలోలు. బీముల కింద కర్రలకు ఇంకా ఎక్కువ. స్లాబు కిందికి వేలాడే బీము భాగమొక్కటే మీటరుకు 468 కిలోలు.

ఇప్పుడు కర్ర మోయగలిగినది చూద్దాం. 90 మి.మీ. వ్యాసం, 6 మీటర్ల పొడవు, మధ్యలో ఎక్కడా కట్టు లేని నిటారు కర్ర వంగిపోయే బరువు, కలప స్థితిస్థాపక గుణకం (వంగకుండా ఉండే బిగువు) చదరపు మి.మీ.కు 10,000 న్యూటన్లని తీసుకుని, సన్నని నిలువు కర్ర ఎంత బరువుకు పక్కకు వంగిపోతుందో చెప్పే ఆయిలర్ సూత్రంతో లెక్కిస్తే, దాదాపు 900 కిలోలు. మోయవలసింది 850, వంగిపోయేది 900. అది కూడా అతుకు లేని, వంకర లేని, బరువు సరిగ్గా మధ్యగీత మీదుగా దిగే కర్రకు. మన చేతిలో ఉన్న అతుకు కర్రకు అందులో సగం కూడా రాదు.

అదే కర్రకు సగం ఎత్తులో రెండు దిశల్లోనూ అడ్డకర్ర కట్టి, ఆ కట్టును ఏటవాలు కర్రలతోనో, పక్క స్తంభాలకో బిగించి ఉంటే లెక్కలోకి వచ్చే పొడవు 3 మీటర్లు అవుతుంది, వంగిపోయే బరువు నాలుగు రెట్లు, అంటే 3,600 కిలోలు అవుతుంది. అతుకు కదలకుండా ఉండేది. కర్ర మార్చనక్కర లేదు, లావు పెంచనక్కర లేదు. నడుము దగ్గర ఒక కట్టు చాలు. కూలిన భాగంలో అలాంటి కట్లకు గుర్తుగా తాడు ముక్క గానీ, ఇనప తీగ గానీ, అడ్డంగా కొట్టిన మేకుల రంధ్రాలు గానీ దాదాపు దొరకలేదు. కూలకుండా నిలబడిన అంచు భాగాల్లో మాత్రం కర్రలను పక్క స్తంభాలకు తాళ్లతో చుట్టి కట్టి ఉన్నారు. నిలబడినదీ పడినదీ ఒకే రకం కర్రలు, ఒకే కాంక్రీటు, ఒకే ఫిల్లింగ్. రెండింటి మధ్య కళ్లకు కనిపించిన ప్రధానమైన తేడా ఆ కట్లే.

సెంట్రింగ్ మేస్త్రీ ఆసుపత్రిలో ఉన్న తన మనిషి దగ్గర కూర్చుని ఉన్నప్పుడు మాట్లాడాను. “సార్, ఇవే కర్రలతో ఎన్నో స్లాబులు వేశాం. ఎప్పుడూ చీమ చిటుక్కుమన్న పాపాన పోలేదు” అన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అవన్నీ పది అడుగుల ఎత్తు ఇళ్ల స్లాబులు. ఆ ఎత్తులో అవే కర్రలు, అదే దూరం, కట్టు లేకపోయినా మిగులు బలంతో నిలబడతాయి. “మేస్త్రీ గారూ, ఎత్తు రెండింతలైతే కర్ర బలం సగమవదు, నాలుగో వంతు అవుతుంది” అని కాగితం మీద గీసి చూపిస్తే చాలాసేపు దాన్నే చూసి, “ఈ మాట మాకు ముందు ఎవరన్నా చెప్పారా సార్?” అని అడిగాడు. చెప్పలేదు. ఆ ప్రశ్నకు సమాధానం ఇవ్వవలసింది అతను కాదు.

వాన, ఫిల్లింగ్

కాంట్రాక్టరు పక్షం వాన వాదనను నేను తేలిగ్గా తీసుకోలేదు. 90 మి.మీ. కర్ర పాదం వైశాల్యం 64 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 850 కిలోలంటే చదరపు సెంటీమీటరుకు 13 కిలోలకు పైగా ఒత్తిడి. పొరలు పొరలుగా దిమ్మిస వేయని, వారం రోజులు నానిన గ్రావెల్‌కు అది మోయరాని భారం. పాదం కింద 250 మి.మీ. వెడల్పు, 1.2 మీటర్ల పొడవు పలక వేసి ఉంటే అదే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 300 గ్రాముల లోపుకు దిగేది. పలకలు చాలాచోట్ల వేయలేదు, వేసినచోట రేకు తుంపులు, విరిగిన టైలు ముక్కలు వేశారు.

అయినా ప్రశ్న మిగిలే ఉంది. పాదం దిగడం వల్ల స్లాబు కూలిందా, స్లాబు కూలుతూ కర్రను నేలలోకి పొడిచిందా? రెండు సందర్భాల్లోనూ నేల మీద గుంట పడుతుంది. తేడా గుంట గోడల్లో ఉంటుంది. కర్ర నిటారుగా ఉండగా బరువుకు దిగితే గుంట అంచులు చుట్టూ నిలువుగా, శుభ్రంగా ఉంటాయి. కర్ర పడిపోతూ మట్టిని దున్నితే ఒక వైపు అంచు ఒరుసుకుపోయి, ఎదురు వైపు మట్టి ఎగదన్ని ఉంటుంది. శిథిలాలు తీసిన చోట 70 గుంటలను గుర్తించగలిగాం. 58 గుంటల్లో అంచు ఒక వైపుకు ఒరుసుకుపోయి ఉంది. 12 గుంటలు మాత్రం నిలువు గోడలతో 40 నుంచి 50 మి.మీ. లోతు దిగి ఉన్నాయి. ఆ 12 కూడా మూడో బీము పడమటి కొస కిందే ఉన్నాయి, అక్కడ స్తంభం పక్కన పూడ్చకుండా వదిలిన గుంతలో వాననీరు నిలిచింది.

కాబట్టి నేల దిగడం నిజం. కానీ ఒక మూలనే దిగింది.

కెమెరా చూసినది

ఎదురుగా ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీ వారు తమ గేటు కెమెరా రికార్డింగును అడిగిన వెంటనే ఇచ్చారు. అందులో హాలు తూర్పు అంచు, స్లాబు పక్క షట్టరింగు (కాంక్రీటు బయటికి జారకుండా అంచున కట్టిన అడ్డు) కనిపిస్తాయి, లోపలి భాగం కనిపించదు. ఈ రికార్డింగు మీదే మేం అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాం. మూడో బీము కింద నేల దిగడమే మొదటి కదలిక అయితే అంచు షట్టరింగు ముందు కిందికి జారాలి, లేదా కదలకుండా ఉండి మధ్యభాగం పడ్డాక లాగబడాలి. రికార్డింగులో కనిపించింది వేరు. మధ్యభాగం పడకముందు కొన్ని క్షణాల పాటు అంచు షట్టరింగు పైరేఖ కిందికి దిగకుండా అడ్డంగా, ఉత్తరానికి జరిగింది. పక్కనున్న ఇటుక గోడ వరుసలను కొలమానంగా పెట్టుకుని చూస్తే ఆ జరుగుడు 60 నుంచి 80 మి.మీ. ఉంటుంది. ఆ తర్వాతే మధ్యలో దుమ్ము లేచింది. పైన రాడ్లు సర్దుతున్న ఒక కార్మికుడు, ఈ రికార్డింగు సంగతి తెలియకుండానే, “ముందు పడవలో ఉన్నట్టు ఒక పక్కకు ఊగింది, ఆ తర్వాతే పడింది” అని చెప్పాడు.

ఉత్తరానికే ఎందుకు? పోత దక్షిణం నుంచి ఉత్తరానికి సాగింది. లైన్ పంపు పైపును దక్షిణపు గోడ మీదుగా ఎక్కించి, స్లాబు పొడవునా పరిచి, విడి స్టాండ్ల మీద కాకుండా నేరుగా స్లాబు రాడ్లకే తీగతో కట్టారు. పంపు పిస్టను ప్రతి తోపుకూ ఆ పైపు తన పొడవు దిశలో ముందుకు, వెనక్కు ఈడ్చుకుంటుంది. ఆ ఈడ్పు రాడ్ల ద్వారా రేకులకు, రేకుల ద్వారా కర్రల తలలకు చేరుతుంది. ఫాల్స్‌వర్క్ (సెంట్రింగు లాంటి తాత్కాలిక ఆధారాలు) లెక్కల్లో నిలువు బరువులో కనీసం రెండున్నర శాతం అడ్డబలంగా వస్తుందని పట్టుకోవడం వాడుక. ఈ హాలుకు బీములతో కలిపి నిలువు బరువు 130 టన్నులు దాటుతుంది, అంటే అడ్డబలం మూడు టన్నులకు పైనే. దాన్ని మోయడానికి ఆ సెంట్రింగులో అంచు కర్రలకు చుట్టిన తాళ్లు తప్ప ఏర్పాటు చేసిన అంగం ఒక్కటీ లేదు.

1955లో న్యూయార్క్ కొలీజియం ప్రదర్శనశాల కడుతున్నప్పుడు దాదాపు ఇదే జరిగింది. ఎత్తైన హాలు, రెండు వరుసలుగా నిలిపిన ఆధారాలు, వాటి మధ్య చాలని అడ్డకట్లు, పైన కాంక్రీటు మోస్తూ తిరిగిన మోటారు బండ్ల తోపు. అక్కడ బండ్లు, ఇక్కడ పంపు పైపు. సెంట్రింగుకు నిలువు బరువొక్కటే ఉంటుందన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే.

కారణాల తూకం

ప్రతి కారణానికీ ఒకే పరీక్ష పెట్టాం: ఇదొక్కటీ లేకపోయి, మిగిలినవన్నీ అలాగే ఉంటే స్లాబు కూలేదా? నేల దిగకపోయినా, కట్లు లేని ఆరు మీటర్ల అతుకు కర్రలు లెక్క ప్రకారమే అంచు మీద ఉన్నాయి కాబట్టి పంపు ఈడ్పుకో, మరో కుదుపుకో కూలే అవకాశం ఎక్కువ. పంపు పైపు రాడ్లకు కట్టకపోయి ఉంటే ఆ పూటకు గండం గడిచి ఉండవచ్చు, గడవకపోయీ ఉండవచ్చు, గట్టిగా చెప్పలేను. కట్లు సరిగ్గా ఉండి మిగిలినవన్నీ ఇలాగే ఉంటే మాత్రం మూడో బీము పడమటి కొస 50 మి.మీ. కుంగేది, వికారంగా ఉండేది, ఆ బీమును కొట్టేసి మళ్లీ పోయవలసి వచ్చేది. హాలు కూలేది కాదు. అందుచేత నివేదికలో అడ్డకట్లు లేకపోవడాన్ని, అతుకు కర్రలను కలిపి మూలకారణంగా, పంపు పైపు ఈడ్పును తక్షణ కారణంగా, నేల దిగడాన్ని తోడైన కారణంగా రాశాం. దిగిన 12 కర్రల బరువు పక్కవాటి మీద పడిందని, వాటికి మిగులు బలం లేనందున అది చిన్న విషయం కాదని కూడా రాశాం.

వాన వాదన గురించి ఒక మాట. వాన ఎవరి చేతుల్లోనూ లేదు కాబట్టి అందరికీ అనుకూలమైన కారణం. కానీ అక్టోబరులో గుంటూరులో వాన పడుతుందన్నది ముందే తెలిసిన విషయం, పలక వేయడం, గుంత పూడ్చడం మన చేతుల్లో ఉన్న పనులు.

డ్రాయింగులో లేని పని

ఈ హాలుకు డ్రాయింగులు బాగానే ఉన్నాయి. స్లాబు మందం, బీము రాడ్ల వంపులు, స్తంభాల రింగుల మధ్య దూరం, అన్నీ ఉన్నాయి. ఆ స్లాబును గట్టిపడేవరకు మోయవలసిన సెంట్రింగుకు మాత్రం ఒక్క గీత కూడా లేదు. డిజైను చేసిన ఇంజనీరు అది కాంట్రాక్టరు పని అనుకున్నారు, కాంట్రాక్టరు దాన్ని చదరపు అడుగు లెక్కన సెంట్రింగ్ మేస్త్రీకి అప్పగించారు, మేస్త్రీ తన చేతికి అలవాటైన పద్ధతిలో వేశాడు. కాంక్రీటు కట్టడాల ఫాల్స్‌వర్క్ కోసం ఐఎస్ 14687 అనే ప్రమాణం 1999 నుంచి ఉంది. అందులో చెప్పిన బరువులు, కట్లు, పునాది పలకల సంగతి ఈ సైటులో ఎవరి చెవినా పడలేదు. పట్టుమని ఒక పూట లెక్క, ఒక కాగితం గీత, కొన్ని కట్టల అడ్డకర్రలు. వీటికయ్యే ఖర్చు ఆ రోజు పంపు అద్దె కంటే ఎక్కువ కాదు. దీని గురించి నాకు కోపం ఉంది, దాన్ని దాచుకోవడం లేదు. లేచి తిరిగే మనిషిని మంచం మీదికి చేర్చింది ఆ ఖర్చు కూడా పెట్టకపోవడమే.

మళ్లీ పోసినప్పుడు

వంగిన రెండు స్తంభాల తలలను బీము మట్టానికి కింది వరకు కొట్టి, రాడ్లు సరిచూసి, తిరిగి పోయించాం. సెంట్రింగ్ పద్ధతి పూర్తిగా మార్చాం. ఫిల్లింగును తవ్వి, పొరలు పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిస వేయించి, పైన 100 మి.మీ. బెడ్ కాంక్రీటు వేయించాం. సరుగుడు కర్రల స్థానంలో ఒకదానికొకటి బిగిసే ఇనప గొట్టాల సెంట్రింగు తెప్పించి, ప్రతి 1.5 మీటర్ల ఎత్తుకు రెండు దిశల్లో అడ్డగొట్టాలు, రెండు దిశల్లోనూ ఏటవాలు గొట్టాలు వేయించి, అడ్డగొట్టాల కొసలను గట్టిపడిన స్తంభాలకు క్లాంపులతో పట్టించాం. పంపు పైపును రాడ్లకు తగలకుండా విడి స్టాండ్ల మీద పరిపించాం. పోతను ఒక కొస నుంచి కాకుండా మధ్య నుంచి రెండు వైపులకూ నడిపించాం, ఎక్కడా కాంక్రీటు కుప్ప పోయనివ్వలేదు. సెంట్రింగ్ కిందికి ఎవరినీ పోనివ్వకుండా, బీముల అడుగు నుంచి వేలాడదీసిన తూకం గుండ్లను, నేల మీది గుర్తులను బయటి నుంచే చూసుకుంటూ వచ్చాం.

10 మీటర్ల బీముల కింది ఆధారాలను కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెప్పిన 21 రోజులకు ముందు ముట్టుకోకూడదని రాసి ఇచ్చాం. రెడీమిక్స్‌లో బలం రావడాన్ని నెమ్మది చేసే ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఉన్నందున ఆ గడువు తర్వాత కూడా, సైటులోనే స్లాబు పక్కన నీళ్లు పట్టిన క్యూబులు పగలగొట్టి బలం చూశాకే విప్పమన్నాం. పాత సెంట్రింగ్ మేస్త్రీనే ఆ పనికి పిలిపించమని యజమానిని కోరాను. అతను గొట్టాల బిగింపు నేర్చుకుని, ప్రతి క్లాంపునూ తన చేత్తో ఊపి చూశాకే పోతకు సరే అన్నాడు. పాత సైటు నుంచి మిగిలిన అతుకు కర్రలను నడుం దగ్గర కోయించి, పది అడుగుల లోపు పనులకు తప్ప వాడకూడదన్న షరతు మీద అతనికే ఇప్పించాం.